బొల్లి మచ్చయు, పెండ్లి సంబంధములును



మనుష్యుని రూపమును జూచి తక్కువచేయుట ఒక్క విధముగా జరుగునది కాదు. నల్లనివాడని, పొట్టివాడని, మెల్లకన్నువాడని, గ్రహణపు మొఱ్ఱివాడని, బట్టతలవాడని పిలుచు పిలుపులు మన వీధులలో నిత్యము వినబడుచునే యుండును. పిలిచినవాడు ఆ మాటను ఆ క్షణముననే మఱచిపోవును. పిలిపించుకొన్నవాడు ఏండ్ల తరబడి దానిని మోయును. మన తాత ముత్తాతల కాలమున ముఖముపై మశూచి గుంటలు గలవారు ప్రతి వీధిలోను ఉండెడివారు. వారి సంఖ్య పెద్దది గనుక ఆ గుంటలను పట్టి సంబంధములను త్రోసివేయుట మొదలిడినచో ఊరిలో సగము పెండ్లిండ్లు ఆగిపోయెడివి. మన దేశమున మశూచి కడపటి రోగి 1975లో కనబడెను. 1980లో ఆ వ్యాధి లోకమునుండియే తొలగినదని ప్రకటించిరి. గుంటల ముఖములు నేడు అరుదైనవి. కాని అరుదైనదానిని వేలెత్తి చూపు అలవాటు మాత్రము మనలను విడువలేదు.

ఈ పాఠమున రూపభేదములన్నింటిని గూర్చి చెప్పబూనుట లేదు. బొల్లిని ఒక్కదానినే తీసికొనుచున్నాము. ఇందుకు కారణమున్నది. బొల్లి మచ్చ నొప్పి పెట్టదు. ఆయుస్సును తగ్గింపదు. పనిచేయు శక్తిని హరింపదు. ఒకరినుండి మఱియొకరికి అంటదు. సంతానము కలుగుటకు అడ్డురాదు. అయినను బొల్లి వచ్చిన మనుష్యుడు, విశేషించి బొల్లి వచ్చిన ఆడుపిల్ల, పడు క్లేశము సామాన్యమైనది కాదు. ఆ క్లేశములో ఇంచుమించు అంతయు చర్మమునుండి గాక చూచువారి కన్నులనుండియే పుట్టుచున్నది. రూపమును బట్టి చేయు తారతమ్యము ఎట్టిదో నేర్చుకొనుటకు ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణము దొరకదు.

ముందుగా వ్యాధి స్వరూపమును తెలిసికొందము. మన చర్మమునకు రంగునిచ్చునది మెలనిన్ అను పదార్థము. దానిని తయారుచేయు కణములు చర్మపు పైపొర అడుగున వరుసగా నుండును. శరీరమును బయటి శత్రువులనుండి కాపాడవలసిన రక్షణశక్తి ఒక్కొక్కరి యందు పొరబడి ఈ కణములనే పరులని యెంచి నాశనము చేయును. అవి నశించిన చోట చర్మము పాలవలె తెల్లబడును. ఇదియే బొల్లి. ప్రపంచ జనాభాలో రెండువందలమందికి ఒకరు మొదలు నూటికి ఒకరి వరకు దీనిని పొందియున్నారని వైద్యుల అంచనా. తెల్లజాతివారికిని వచ్చును, మనకును వచ్చును. చామనచాయ మేనిపై మచ్చ దూరమునకు కూడ కనబడును గనుక మన దేశమున దీని బాధ మిక్కుటము. బొల్లి వచ్చినవారిలో ఇంచుమించు సగముమందికి ఇరువది యేండ్లు నిండకమునుపే మొదటి మచ్చ తేలును. అనగా చదువుకొను కాలమున, పెండ్లిమాటలు మొదలగు కాలమున అన్నమాట.

ఇది సూక్ష్మజీవులవలన వచ్చునది కాదు. ఒకే కంచమున తిన్నను, ఒకే దుప్పటి కప్పుకొన్నను, కాపురము చేసినను రాదు. చేపలు తిని పాలు త్రాగినచో బొల్లి వచ్చునను మాట ఇంటింట వినబడును; దానికి ఆధారము లేదు. చేపయే ముట్టని మన శాకాహార కుటుంబములలో బొల్లి కనబడుచుండుట ఆ మాట చెప్పువారికి తట్టకపోవుట వింత. వంశమున కొంత సంబంధమున్న మాట నిజమే. కాని తల్లికో తండ్రికో ఉన్నంతమాత్రమున బిడ్డకు వచ్చునని లేదు. నూటికి తొంబదిమందికి పైగా బిడ్డలకు రాదు. మధుమేహము తలిదండ్రులనుండి బిడ్డలకు దిగు అవకాశము దీనికంటె ఎన్నియో రెట్లు హెచ్చు. అయినను పెండ్లిచూపులకు వచ్చి, "మీ నాయనగారికి చక్కెర ఉన్నదా?" అని అడిగి, ఉన్నదనగానే లేచిపోయినవారిని మీరెవరైన చూచితిరా? కంటికి కనబడని జబ్బునకు మన సమాజము చూపు ఓరిమి, కంటికి కనబడు మచ్చకు చూపదు.

బొల్లి గలవారిలో కొందఱకు థైరాయిడ్ గ్రంథి లోపము కూడ ఉండును. కావున మచ్చ కనబడినపుడు రక్తపరీక్ష చేయించుకొనుట మంచిది. వైద్యపరముగా జాగ్రత్త పడవలసిన విషయములు ఇదియు, తెల్లబడిన చోట ఎండకు చర్మము కమలకుండ చూచుకొనుటయు మాత్రమే.

ఇక పేరు చేసిన కీడును గూర్చి చెప్పవలెను. మన జనులు దీనిని "తెల్లకుష్ఠు" అనుచుందురు. పండితులు "శ్వేతకుష్ఠము" అందురు. ఆ రెండవ పదములోనే విషమున్నది. ఆయుర్వేదమున కుష్ఠమనగా ఒక్క వ్యాధి కాదు. చర్మవ్యాధుల కొక పెద్ద కుటుంబము. పూర్వవైద్యులు అందు పదునెనిమిది భేదములను చెప్పిరి. తెల్లమచ్చకు వారు శ్విత్రమనియు, కిలాసమనియు వేఱుగా పేరుపెట్టి, కుష్ఠ ప్రకరణముననే దాని చికిత్సను కూడ చెప్పిరి. కాలక్రమమున కుష్ఠమను మాట వ్రేళ్ళు వంకరలుపోవు ఆ ఒక్క వ్యాధికే పరిమితమైనది. ఆ వ్యాధిపై నున్న భయమంతయు, పేరు కలిసినందువలన, ఏ సంబంధమును లేని బొల్లిపైకి కూడ వచ్చిపడినది. ఆచారమునకు ప్రమాణమని చెప్పుకొను మనుస్మృతి సైతము పిల్లను తెచ్చుకొనరాని వంశములను లెక్కించుచు శ్విత్రము గలవారిని, కుష్ఠము గలవారిని వేఱువేఱుగా పేర్కొన్నది. ఇరువురిని త్రోసివేయుమన్న తీర్పు మనకు అంగీకారము కాదు. కాని ఆ రెండును ఒకటి కావను సంగతి ఆ కాలమువారికే తెలియునని చూపుటకు దీనిని చెప్పితిని.

తెలుగులో "బొల్లి" అను మాట మొదట నింద కాదు. ముఖమున తెల్లమచ్చ గల పశువును బొల్లావు, బొల్లిగిత్త అని రైతు ముద్దుగానే పిలుచుకొనును. అదే మాట "బొల్లి కబుర్లు", "బొల్లి యేడుపు" అను చోట వంచనకు, నటనకు పేరైనది. పశువు మేన ముద్దైనది మనుష్యుని మేన నిందయగుటకు భాష కారణమా, మనము కారణమా అని విద్యార్థులు ఆలోచింపవలెను.

ఇచట మఱియొక మాటను హెచ్చరికగా చెప్పవలసియున్నది. బొల్లి గలవారి బంధువులు తమవారిని సమర్థించుటకై "ఇది కుష్ఠు కాదండీ, ఉత్త మచ్చ" అనుచుందురు. ఆ మాట నిజమే. కాని దానిలో ఒక అన్యాయము దాగియున్నది. కుష్ఠు అయినచో వెలివేయవచ్చునను అర్థము అందులో ధ్వనించుచున్నది. కుష్ఠు వ్యాధికి కారణమైన సూక్ష్మజీవిని నార్వే దేశపు హాన్సెన్ 1873లో కనుగొనెను. 1982లో ప్రపంచ ఆరోగ్యసంస్థ పలు మందులను కలిపి ఇచ్చు చికిత్సను సూచించినది. ఆరు నెలలుగాని, పండ్రెండు నెలలుగాని మందులు వాడినచో వ్యాధి నయమగును. చికిత్స మొదలైన కొలది కాలమునకే అంటించు గుణము పోవును. ప్రభుత్వ ఆసుపత్రులలో మందు ఉచితము. కుష్ఠు రోగులను బంధించి యుంచుటకు 1898లో చేయబడిన చట్టమును 2016లో రద్దుచేసిరి. వివాహ చట్టములలో కుష్ఠును విడాకులకు కారణముగా చెప్పిన భాగమును 2019లో తొలగించిరి. చట్టమే వెనుకకు తీసికొన్న వెలిని మనము నోటితో కొనసాగించుట తగదు. ఈ రెండు మచ్చలకు గల తేడాను మాత్రము అందఱును గుర్తుంచుకొనవలెను. బొల్లి మచ్చ పాలవలె తెల్లనిది, స్పర్శ ఎప్పటివలె నుండును. కుష్ఠు మచ్చ సామాన్యముగా పాలిపోయియో ఎఱ్ఱబారియో యుండును, తాకినను గిల్లినను తెలియకుండ మొద్దుబారియుండును. మొద్దుబారిన మచ్చ ఎవరికి కనబడినను ఆలస్యము చేయక వైద్యుని చూడవలెను.

ఇప్పుడు పెండ్లిచూపుల విషయమునకు వత్తము. బొల్లి గలవారి జీవితమున అన్ని త్రోవలు చివరకు ఇచటికే వచ్చి చేరుచున్నవి గనుక ఇచట కొంత నిలువవలెను.

ఒక ఇంటిని ఊహింపుడు. తండ్రి చిన్న ఉద్యోగి. ఇద్దఱు కొమార్తెలు. పెద్దపిల్లకు పదునాలుగవ యేట మోచేతి క్రింద రూపాయి బిళ్ళంత మచ్చ తేలినది. ఆనాటినుండి ఆ ఇంటిలో పొడుగుచేతుల రవికలే కుట్టించిరి. పెండ్లిండ్లకు, జాతరలకు ఆ పిల్లను తీసికొనిపోవుట తగ్గినది. ఫోటో తీయించునపుడు తల్లి "చేతులు వెనక్కి పెట్టుకో తల్లీ" అనును. ఆ మాట మెల్లగా అనును. మెల్లగా అనుటయే ఆ పిల్లకు సర్వమును బోధించును. ఇరువదిరెండవ యేట సంబంధము వచ్చినది. మధ్యవర్తి తల్లిని ప్రక్కకు పిలిచి, "అమ్మా, ఇప్పుడే చెప్పకండి, మూడుముళ్ళు పడనీయండి. తరువాత వాళ్ళే సర్దుకుంటారు" అనినాడు. తండ్రికి మనసొప్పలేదు. కాని మునుపు రెండు సంబంధములకు ఉన్నది ఉన్నట్లు చెప్పియుండెను. ఒకరు జవాబే వ్రాయలేదు. రెండవవారు ఇంకొక లక్ష అడిగిరి. చిన్నపిల్లకు కూడ పెండ్లి యీడు వచ్చుచున్నది. అక్క మచ్చ కారణముగా చెల్లెలి సంబంధములు కూడ తప్పిపోవుచున్నవి. తండ్రి ఊరకుండెను.

పెండ్లియైన మూడవ వారమున అత్తగారు తలంటిపోయుచు మచ్చను చూచినది. "మోసము, మోసము" అని ఇల్లంతయు మ్రోగినది. పిల్ల పుట్టినింటికి వచ్చినది.

ఇట్టి యిండ్లు మన ప్రాంతమున ఎన్ని కలవో పెండ్లిండ్ల పేరయ్యలు ఎరుగుదురు. ఇందు దోషి ఎవరు? దాచినవారే యని వెంటనే అనిపించును. దాచుట తప్పు కాదని మేమును అనము. హిందూ వివాహ చట్టము 1955 నాటిది. ఎదుటివారిని గూర్చిన ముఖ్యమైన సంగతిని కప్పిపుచ్చి సమ్మతిని పొందుటను వివాహమును రద్దు చేయదగిన వంచనలలో చేర్చుచు 1976లో దానిని సవరించిరి. వంచన తెలిసిన ఏడాదిలోగా న్యాయస్థానమునకు పోవలెను. తెలిసిన పిమ్మట భార్యాభర్తలుగా కలిసి కాపురము చేసియుండరాదు. బొల్లిని విడాకులకు కారణముగా ఆ చట్టము ఎన్నడును చెప్పలేదు. కాని దాచిరను మాట ముందు పెట్టి బొల్లి వ్యాజ్యములు న్యాయస్థానములకు ఎక్కుచునే యున్నవి. కావున దాపరికము ఆడుపిల్లకే కీడు చేయును. ఆమె కాపురము ఒక పొడుగుచేయి రవిక మీద ఆధారపడియుండును. ఆమె ప్రతి స్నానమును, ప్రతి వేసవిని భయముతో గడపవలసి యుండును.

అయినను దోషమును అచటనే నిలుపుట న్యాయము కాదు. ఆ తండ్రి రెండుసార్లు నిజము చెప్పెను. రెండుసార్లును నిజమునకు శిక్ష పడినది. నిజము చెప్పినవారి పిల్లకు పెండ్లి కాక, దాచినవారి పిల్లకు పెండ్లియగు బజారును మనమందఱము కలిసి నడుపుచున్నాము. ఆ బజారులో ఒక తండ్రి దాచినాడని నిందించుటకు ముందు, జవాబు వ్రాయనివానిని, ఇంకొక లక్ష అడిగినవానిని నిలువదీయవలెను. కట్నము అడుగుటయే 1961 చట్టము ప్రకారము నేరము; మచ్చకు వెలకట్టి అదనముగా అడుగుట ఏమనదగునో పాఠకులే నిర్ణయింపుడు.

మగపిల్లవానికి బొల్లి వచ్చినచో కథ వేఱుగా నడచును. ఉద్యోగమున్నచో సంబంధములు వచ్చును. కట్నము కొంచెము తగ్గును, పిల్ల యింటివారు కొంచెము పేదవారైయుందురు. ఆడుపిల్లకైనచో రెండవ పెండ్లివానినో, వయసు మీఱినవానినో చూపుదురు. లేకున్న ఆమె తమ్ముళ్ళ యింటిలో వంటమనిషిగా మిగిలిపోవును. ఒకే వ్యాధి, ఒకే మచ్చ. మగవానికి మచ్చ మేనిలో ఒక భాగమైనది; ఆడుదానికి మచ్చయే మేనైనది.

మఱి యేమి చేయవలెను? మొదటి మాటలలోనే, ఇరువైపుల పెద్దలు కూర్చున్నపుడే, సంగతి చెప్పవలెను. చెప్పు భారము పిల్లవైపువారిదైనచో, దానిని విను భారము పిల్లవానివైపువారిది. వినుట యనగా జవాబు వ్రాయకుండుట కాదు. వైద్యుని అడుగుదుము, మాకు సందేహములున్నవి, అని చెప్పవచ్చును. మనసు ఒప్పనిచో మర్యాదగా ఆ మాటయు చెప్పవచ్చును. ఎవరిని ఎవరు పెండ్లాడవలెనో బలవంతము చేయుటకు వీలులేదు. కాని చెప్పిన సంగతిని ఊరంతయు చాటుట, వెల పెంచుటకు వాడుకొనుట, ఈ రెండును నీచకార్యములని సంఘపు పెద్దలు గట్టిగా చెప్పవలెను. పిల్లవానిని, పిల్లను విడిగా కూర్చుండబెట్టి మాటలాడనిచ్చినచో పెద్దలు చేయలేని నిర్ణయము వారే చేసికొనుట మేము చూచియున్నాము.

బొట్టుబిళ్ళల సంగతి ఇచటనే చెప్పుదును. కొందఱు స్త్రీలకు సరిగా బొట్టు పెట్టుకొను చోటనే తెల్లమచ్చ తేలును. ఇది సామాన్యమైన బొల్లి కాకపోవచ్చును. అంటించు బొట్టుబిళ్ళల జిగురులో పారా టెర్షియరీ బ్యూటైల్ ఫినాల్ అను రసాయనము ఉండుట కలదు. అది రంగునిచ్చు కణములను చంపునని మన దేశపు చర్మవైద్యులే ఏండ్ల క్రిందట కనుగొనిరి. రబ్బరు చెప్పుల పట్టీల క్రింద కూడ ఇట్టి మచ్చలు వచ్చుచుండును. మచ్చ కనబడిన వెంటనే బిళ్ళను మానివేసి వైద్యుని చూపినచో అనేకులకు రంగు తిరిగి వచ్చును. కాని మన స్త్రీలు చేయునదేమి? మచ్చను కప్పుటకు ఇంకను పెద్ద బిళ్ళను అంటించుకొందురు! చూచువారి కన్నులకు వెఱచి చేసిన పని వ్యాధిని పెంచుచున్నది.

శరణధర్మము ఈ విషయమున ఏమి చెప్పునని కొందఱు అడుగవచ్చును. రూపమును చూచి నవ్విన కథలలో అష్టావక్రుని కథ మన దేశమున అందఱును ఎరిగినదే. ఎనిమిది వంకరలు గల ఆ బాలుడు జనకుని సభలోనికి రాగా పండితులు నవ్విరట. అతడును పకపక నవ్వి, తోలును చూచి వెలకట్టు మీరు పండితులు కారు, తోలుపని చేయువారు, అనెనట. ఉపన్యాసకులు ఈ కథ చెప్పి చప్పట్లు కొట్టించుకొందురు. మాకు మాత్రము ఆ చప్పట్లలో చేరుటకు మనసొప్పదు. ఒక అవమానమును త్రిప్పికొట్టుటకు మఱియొక అవమానమును ఎత్తుకొన్న మాట యది. తోలుపని చేయువాడు తక్కువవాడని అంగీకరించిననే గదా ఆ జవాబు తగులును! పండ్రెండవ శతాబ్దమున కల్యాణములో బసవేశ్వరుని చుట్టును చేరిన శరణులలో హరళయ్య కలడు. అతడు తోలుపనివాడే. హరళయ్య కుమారునికి బ్రాహ్మణుడైన మధువరసుని కుమార్తెనిచ్చి చేసిన వివాహమే కల్యాణమును కుదిపివేసినదని మన సంప్రదాయము చెప్పుచున్నది. ఆ వివాహమునకై ఇద్దఱు తండ్రులును ప్రాణములు ఇచ్చిరి. వీరశైవుల చరిత్రలో పెద్ద పరీక్ష రాజసభలోనో యుద్ధభూమిలోనో గాక ఒక పెండ్లి సంబంధము దగ్గఱ వచ్చినదని గుర్తుంచుకొన్నచో, ఈ పాఠమునకు పెండ్లిచూపులనే ఏల ఎంచుకొంటిమో తెలియును.

ఇంకొకటి. మచ్చ పూర్వజన్మ పాపఫలమను నమ్మిక మనలోను కొందఱకు కలదు. మనుస్మృతి పదునొకండవ అధ్యాయమున బట్టలు దొంగిలించినవానికి శ్విత్రము వచ్చునని కలదు. పదునాలుగేండ్ల పిల్ల ఎవరి బట్టలు దొంగిలించినది? దీక్ష పొందినవాని వెనుకటి కులమును అడుగుట అపరాధమని శరణులు చెప్పిరి. వెనుకటి కులమును అడుగరానివారము వెనుకటి జన్మను మాత్రము ఎట్లు అడుగుదుము? దేహమే దేవాలయమని బోధించిన మార్గమున, ఆ దేహముపై ఇష్టలింగమును ధరించి నిలిచినవారి యెదుట, చర్మపు వన్నెను విచారించుట పొసగదు. ఇంతకుమించి శాస్త్రచర్చ ఇచట అనవసరము.

చికిత్స విషయమున మోసములు అపారము. గోడలపైనను, రైలు స్టేషన్ల ప్రక్కనను "బొల్లికి నూటికి నూరు పాళ్ళు గ్యారంటీ" అని వ్రాతలు చూచుచున్నాము. ఇట్టి ప్రకటనలను నిషేధించు చట్టము 1954 నుండియే కలదు. మాయచికిత్సలను ప్రకటింపరాదని అది చెప్పిన వ్యాధుల పట్టికలో బొల్లియు కలదు. గ్యారంటీ యనువానిని చూచి దూరముగా పోవుటయే తెలివి. కాని చికిత్స లేదనుటయు సరికాదు. బావంచాల గింజలను పూసి ఎండలో కూర్చుండబెట్టుట మన పూర్వవైద్యము. ఆ గింజలలో నున్న సోరలెన్ అను పదార్థమే తరువాతి కాలపు వైద్యమునకును ఆధారమైనది. అయినను ఇంటిలో తోచినట్లు పూసికొన్నచో చర్మము బొబ్బలెక్కును. నేడు కొలతగా పంపు అతినీలలోహిత కిరణముల చికిత్స, పూతమందులు, వ్యాపింపక నిలిచిపోయిన మచ్చలకు మంచి చర్మమునుండి కణములను తెచ్చి నాటు చికిత్స ఉన్నవి. రుక్సోలిటినిబ్ అను పూతమందును బొల్లికి వాడుటకు 2022లో అమెరికా ప్రభుత్వము అనుమతించినది. ముఖముపై మచ్చలు త్వరగా మాఱును. వ్రేళ్ళ కొనలు, పెదవులు మొండివి. నెలల తరబడి ఓపిక కావలెను. కొందఱకు పూర్తిగా రంగు రాదు. కొందఱు చికిత్సయే వలదనుకొందురు. అదియు వారి హక్కే. "ఇంకను మందు వాడుటలేదా?" అని కనబడినప్పుడెల్ల అడుగు బంధువు, ఆదరముతోనే అడిగినను, మచ్చను గుర్తుచేయుట తప్ప మఱి యే మేలును చేయడు.

చట్టము చేయగలిగినది కొంత కలదు. మన రాజ్యాంగము 15వ అధికరణమున మతము, జాతి, కులము, లింగము, జన్మస్థలము అను కారణములచే తారతమ్యము చూపరాదని రాజ్యమును శాసించినది, రూపమును పేర్కొనలేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము కుష్ఠు నయమైనవారిని, ఆమ్లదాడికి గురియైనవారిని, మరుగుజ్జులను చేర్చుకొన్నది. బొల్లి అందులో లేదు; ఉండవలసిన పనియు లేదని మా అభిప్రాయము, ఏలన బొల్లి వైకల్యము కాదు. కావలసినది వేఱొకటి: ఉద్యోగమిచ్చునపుడు, ఇల్లు అద్దెకిచ్చునపుడు రూపమును బట్టి త్రోసివేయరాదను నియమము. ఫ్రాన్సు దేశము 2001లోనే తన శ్రామిక చట్టమున శారీరక రూపమును అట్టి కారణములలో చేర్చినది. మనకును అట్టిది రావలెను. కాని చట్టము పెండ్లిచూపుల గదిలోనికి రాలేదు. బడిలో ప్రక్కన కూర్చుండనని లేచిపోయిన పిల్లవానిని చట్టము తిరిగి కూర్చుండబెట్టలేదు. అచట ఉపాధ్యాయుడు పది నిమిషములు పాఠమాపి మెలనిన్ అననేమో నల్లబల్లపై బొమ్మ గీసి చెప్పినచో చాలును. పిల్లలకు భయము తెలియనితనము వలననే వచ్చును, త్వరగానే పోవును. విందు పంక్తిలో వడ్డించువారి చేతిపై మచ్చ చూచి విస్తరి ముందునుండి లేచు పెద్దమనుష్యుల సంగతి అట్లు కాదు. వారి ప్రక్కనే సంఘాధ్యక్షుడు కూర్చుండి ఆ చేతినుండియే మొదట వడ్డించుకొనవలెను.

సంఘములు ఇంకొక పని తేలికగా చేయవచ్చును. వధూవరుల వివరములు సేకరించు పత్రములలో "ఛాయ" అని ఒక గడి యుండుట మన వాడుక. "ఎఱుపు", "చామనచాయ" అని అందు వ్రాయుదురు. నలుపు అని వ్రాసినవారు ఇంచుమించు లేరు. రంగు తెలుపు చేయుదుమని అమ్మిన ఒక ప్రసిద్ధ క్రీమును తయారుచేయువారే 2020లో దాని పేరులోనుండి తెలుపును సూచించు మాటను తీసివేసిరి. సరకు మాఱకున్నను మాట పలుకుటకు సిగ్గు వచ్చినది. మన పత్రములలో ఆ గడి ఇంకను అట్లే యున్నది. దానిని తీసివేయుటకు వ్యయము లేదు, సభ తీర్మానము చాలును. బొల్లి గల యువతీయువకుల తలిదండ్రులు సంఘమునకు రహస్యముగా తెలిపినచో, ఇష్టపడి ముందుకు వచ్చిన కుటుంబమును వారితో పాటు జిల్లా ఆసుపత్రి చర్మవైద్యుని యొద్దకు తీసికొనిపోయి, ఇరువైపులవారికిని గల సందేహములన్నింటిని ఒకే చోట అడిగించు ఏర్పాటు చేయవలెను. ప్రయాణపు ఖర్చు సంఘము భరింపవలెను. ఆ వైద్యుని ముందు పిల్లవాని తల్లి మొదట అడుగు ప్రశ్న "మా మనుమలకు వచ్చునా?" అనునదియే యగును. ఆ ప్రశ్నకు జవాబు పైన చెప్పితిమి. వైద్యుని నోట వినినచో ఆమెకు నమ్మిక కలుగును.